కండక్టరు మీదున్న దయ

హనుమకొండలో ఒక లెక్కల టీచరు ఉండేది. పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కి పరకాల దాకా వెళ్లి, ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం దిద్దాల్సిన పేపర్ల కట్టతో తిరిగొచ్చేది. గొంతు అరిగిపోతోంది కానీ జీతం పెరగడం లేదు. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనరు ఉద్యోగానికి మారాలనుకుంది.

"అంటే ఏం పనే?" అని అడిగింది అత్తగారు.

"కంపెనీల్లో పనిచేసేవాళ్లకు కంప్యూటర్లో పాఠాలు తయారుచేసే పని, అత్తమ్మా. ఎవరికి ఏం రాదో కనుక్కుని, అది ఏ వరసలో చెప్తే వస్తుందో ఆలోచించాలి."

"గది నువ్వు ఎప్పటిసంది చేస్తున్నదేగద!"

టీచరు ఆ మాట పట్టించుకోలేదు. ఒక టైంటేబులు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. తెల్లవారుజామున పాఠాలు రూపొందించే ఆడీ మోడల్, బ్లూమ్ వర్గీకరణ. బస్సులో బోధనకు గాన్యే చెప్పిన తొమ్మిది దశలు. రాత్రి వంటిల్లు సర్దాక పాఠాలు కట్టే సాఫ్ట్‌వేర్లు స్టోరీలైన్, క్యాప్టివేట్. ఆదివారం ఇంగ్లీషు రాత. నెలకల్లా పోర్ట్‌ఫోలియో, ఆ పై నెలకు ఉద్యోగం.

తప్పిపోయిన పాఠాన్ని మర్నాటికి కలిపేది. మర్నాడు రెండూ తప్పేవి. లింక్డ్‌ఇన్‌లో ఎవరికో ఉద్యోగం వచ్చిందని కనపడితే ఇంకో కోర్సు కొనేది. కొన్నవాటిలో ఏదీ సగం దాటలేదు. 'నా బుర్ర మొద్దుబారింది, ఈ వయసులో నాకిక రాదు' అని తేల్చుకుంది. అదే మాట ఆరో తరగతి పిల్లాడు అంటే మాత్రం పక్కన కూర్చుని, ఒక్క లెక్క చాలురా నాన్నా అని బుజ్జగించే మనిషే.

కొన్న కోర్సుల్లో ఒకదానిలో ఒక అభ్యాసం ఇచ్చారు: నిజంగా పని నేర్చుకోవాల్సిన మనిషిని ఎంచుకుని, అతనికోసం చిన్న పాఠం తయారుచేయాలి. ఆమెకు తన బస్సు కండక్టరు గుర్తొచ్చాడు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అయినా టికెట్ మిషన్లో జీరో టికెట్ కొట్టి ఇవ్వాలి. కొత్తగా చేరే కండక్టరుకు అది ఎలా నేర్పాలి?

అడిగితే అతను చెప్పాడు: "అన్ని ఒక్కపారే చెప్తే పరేషాన్ అయితం మేడమ్. ఫస్ట్ జీరో టికెట్ కొట్టుడు ఒక్కటే చూపెట్టాలె. పాసులు, లెక్క అప్పజెప్పుడు తర్వాత. పక్కన ఒకరు నిలవడి, తప్పు కొడితే ఏంగాదు అనాలె, గంతే."

ఆ రాత్రి ఆమె కాగితం మీద రాసుకుంది: 'నేర్చుకునే మనిషి డ్యూటీ దిగి అలసిపోయి వస్తాడు. పది నిమిషాలు మించకూడదు. ఒక తెరమీద ఒక్క సంగతే. తప్పు నొక్కితే ఎర్ర గుర్తు వద్దు, ఇంకోసారి చూడండి అని రావాలి.'

మంచినీళ్లకు లేచిన అత్తగారు కాగితం చదివింది. ఫ్రిజ్ మీది టైంటేబులూ చదివింది. "ఆ కండక్టరు నీకేమైతడు బిడ్డా? ఆయన మీదున్న దయ నీ మీద లేదేంది?"

టీచరు నవ్వేసింది గానీ, ఆ రాత్రి ఇక క్యాప్టివేట్ తెరవలేదు. కొన్నాళ్లకు కండక్టరు పాఠం పూర్తయింది. బస్సులో ఫోను చేతికిస్తే అతను చూసి, "ఆధార్ కార్డు చూసుడు ముందు రావాలె మేడమ్, బటన్ తర్వాత" అని తప్పు పట్టాడు. దిద్దింది. ఆమె పోర్ట్‌ఫోలియోలో మొదటి పాఠం అదే. ఉద్యోగం వచ్చిందా అంటారా? కథ అంతవరకు పోదు.

నీతి: ఇతరులకు నేర్పేటప్పుడు పాటించే కొలతనే, తాను నేర్చుకునేటప్పుడూ పాటించాలి.

ఇది ఓదార్పు మాట కాదు, ఆ వృత్తి మొదటి సూత్రమే. ఆడీ పద్ధతికి మూలం 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైన్యం కోసం రూపొందించిన శిక్షణ విధానం. అందులో మొదటి దశ విశ్లేషణ: నేర్చుకునేది ఎవరు, ఇప్పటికే ఏం వచ్చు, ఎంత సమయం ఉంది? టీచరు ఈ ప్రశ్నలు కండక్టరు గురించి వేసింది, తన గురించి వేసుకోలేదు. ఆస్ట్రేలియా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ 1988లో ప్రతిపాదించిన సిద్ధాంతం కూడా ఇక్కడికే వస్తుంది. ఒకే సమయంలో మనసు మోయగలిగే కొత్త విషయాలు కొన్నే. అంతకుమించి పెడితే తెలివైనవాడికీ ఎక్కదు. అది వయసు లోపం కాదు, పాఠం లోపం.

ఈ రంగంలో అన్నీ ఒక్కరే చేయనక్కర్లేదు కూడా. స్టోరీబోర్డు రాసేవారు వేరు, దాన్ని స్టోరీలైన్‌లో కట్టేవారు వేరు, ఎవరు ఎంత నేర్చుకున్నారో కొలిచేవారు వేరు. ఉద్యోగ ప్రకటనలో వరసగా రాసే సాఫ్ట్‌వేర్ల పేర్లు చూసి బెదిరిపోయేవాళ్లలో టీచర్లే ఎక్కువని నా అనుమానం. పాఠాన్ని ముక్కలు చేయడం, ఎక్కడ అర్థంకాలేదో ముఖం చూసి పట్టుకోవడం వాళ్లకు ఎప్పుడో వచ్చు. సాఫ్ట్‌వేర్ దానికంటే తేలిక. కోర్సులు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

మీరూ ఈ దారిలోకి రావాలనుకుంటే, ఈ వారం కొత్త కోర్సు కొనకండి. మీకు తెలిసిన ఒక మనిషికి, అతనికి నిజంగా పనికొచ్చే ఒక చిన్న పాఠం కాగితం మీదే రాసి చూపించండి. స్టోరీలైన్ వచ్చే నెల నేర్చుకోవచ్చు.