దారి ఆరే దాకా: కొండ యాత్ర వాయిదాలో ధర్మం

కొండకు నడిచి వస్తానని మొక్కుకున్న మనిషి దారి బురదగా ఉందని ఆగిపోతే మొక్కు చెడుతుందా అన్నది మతాలకు కొత్త ప్రశ్న కాదు. ఆగితే శ్రద్ధ చాలలేదంటారు, వెళ్లి కాలు జారితే మొండితనమంటారు. ఈ రెండు మాటలూ యాత్రికుణ్ణే లెక్కలోకి తీసుకుంటాయి: అతని భక్తి ఎంత, అతని ఒంటికి ముప్పు ఎంత అని. ఈ దేశపు శ్రమణ మతాలైన జైనం, బౌద్ధం దీన్ని విచారించినప్పుడు లెక్క అక్కడ మొదలుకాలేదు. తడిసిన దారి మీద ఏమేం బతుకుతున్నాయి, నడిచే పాదం వాటిని ఏం చేస్తుంది అన్న దగ్గర మొదలైంది.

హైదరాబాద్‌లోని ఉస్మాన్‌గంజ్ ఈ విచారణకు తగిన చోటు. ఈ టోకు బజారులోనూ, దాన్ని ఆనుకుని ఉన్న బేగంబజారు, అఫ్జల్‌గంజ్ ప్రాంతాల్లోనూ మార్వాడీ, గుజరాతీ జైన కుటుంబాలు, తెలుగు వర్తకులు, ముస్లిం వ్యాపారులు తరాలుగా ఇరుగుపొరుగున ఉన్నారు. శ్రీశైలం బస్సులు బయలుదేరే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఇక్కణ్ణుంచి నడిచి వెళ్లేంత దూరమే. యాత్రకూ వానకూ మధ్య తగువును వేరువేరు మతాలు ఎలా తీర్చాయో అడగడం ఈ పేట నుంచే మొదలుపెట్టవచ్చు.

అందరికంటే నిక్కచ్చిగా తీర్చినవాళ్లు జైనులు. జైన ముని వాహనం ఎక్కడు, చెప్పులు తొడగడు. ఎనిమిది నెలలు ఊరూరా తిరుగుతాడు, ఆషాఢం నుంచి కార్తికం దాకా నాలుగు నెలలు ఒక్కచోట ఆగుతాడు. దీనికి కారణం జైన గ్రంథం ఆచారాంగ సూత్రంలో నడక గురించి చెప్పిన అధ్యాయంలో ఉంది. వాన పడ్డాక ప్రాణులు పుడతాయి, గింజలు మొలకెత్తుతాయి, దారుల నిండా అవే ఉంటాయి, కాబట్టి ఊరి నుంచి ఊరికి తిరగకూడదు. తొలకరిలో తెలంగాణ నేల చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఎర్రటి ఆరుద్ర పురుగులు, వానపాములు, చీమల బారులు, వేలెడు ఎత్తు లేని గడ్డిమొలకలు, అన్నీ ఉండేది మనిషి అడుగు వేసే చోటే. మామూలు రోజుల్లో కూడా ముని తన ముందు నాలుగు మూరల నేలను చూసుకుంటూ నడవాలి. ఈర్యా సమితి అనే ఈ నియమం వానాకాలంలో ఎంత జాగ్రత్తపడినా నిలవదు. అందుకే నడకే ఆగింది.

అదే గ్రంథంలో ఇంకో నియమం ఉంది, దానికి రావలసినంత పేరు రాలేదు. నాలుగు నెలలు గడిచి, పైన మరి కొన్ని రోజులు గడిచినా దారి నిండా ప్రాణులుంటే, ఇతర బాటసారులు ఇంకా తిరగడం లేదంటే, ముని అప్పుడూ కదలకూడదు. దారి తెరిపిన పడి, జనం రాకపోకలు సాగాకే బయలుదేరాలి. తిథి వచ్చింది కదా అని నియమం తీరిపోదన్నమాట. పంచాంగం గడువు చెబుతుంది, తుది మాట మాత్రం నేలది. వాయిదా గురించి ఇంత సూక్ష్మంగా ఆలోచించిన నియమం మరొకటి దొరకడం కష్టం.

గృహస్థులకు ఇంత కఠినమైన కట్టడి లేదు. అయినా కొండ విషయంలో వాళ్లూ ఆగుతారు. గుజరాత్‌లోని పాలీతానా దగ్గర శత్రుంజయ గిరి శ్వేతాంబర జైనులకు పరమ తీర్థం. మూడున్నర వేలకు పైగా మెట్లెక్కితేగాని పైనున్న ఆలయాలు అందవు. చాతుర్మాసమనే ఆ నాలుగు నెలల్లో యాత్ర ఆగిపోతుంది, కార్తిక పౌర్ణమి నాడు మళ్లీ మొదలవుతుంది. ఆ రోజు కొండ కింద చేరే జనాన్ని చూస్తే నాలుగు నెలల ఎడబాటు శ్రద్ధను తగ్గించలేదని తెలుస్తుంది.

బౌద్ధంలో ఈ నియమం లోకనింద వల్ల పుట్టింది. మహావగ్గ అనే బౌద్ధ గ్రంథం చెప్పే కథ ప్రకారం బుద్ధుని భిక్షువులు మొదట్లో అన్ని కాలాల్లోనూ తిరిగేవారు. పచ్చగడ్డి తొక్కుతున్నారని, చిన్న ప్రాణుల్ని చంపుతున్నారని జనం తప్పుపట్టారు. ఇతర మతాల సన్యాసులు వానల్లో ఒకచోట ఉంటున్నారు, పక్షులు సైతం చెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటున్నాయి, వీళ్లకేమైందని అడిగారు. బుద్ధుడు ఆ నిందను ఒప్పుకుని మూడు నెలల వర్షావాసం విధించాడు. నీతి నియమం బోధకుడి నుంచే రావాలని లేదు, మామూలు జనం ఫిర్యాదు నుంచి కూడా రావచ్చని ఒప్పుకున్న అరుదైన ఘట్టమిది.

అయితే బుద్ధుడు ఈ నియమాన్ని రాయిలా బిగించలేదు. ప్రవేశానికి రెండు తిథులు పెట్టాడు: ఆషాఢ పౌర్ణమి మర్నాడు ఒకటి, నెల తరవాత మరొకటి. తల్లిదండ్రులకో తోటి భిక్షువుకో జబ్బు చేస్తే ఏడు రోజుల దాకా వెళ్లి రావచ్చు. విహారానికి వరదో అగ్నిప్రమాదమో వస్తే, ఊరివాళ్లే వేరేచోటికి తరలిపోతే, భిక్ష దొరక్కపోతే, ఆ చోటు విడిచిపెట్టినా దోషం లేదు. ఫలానా చోట వర్షావాసం చేస్తానని దాతకు మాట ఇచ్చి రాకపోతే మాత్రం దోషం. రాని భిక్షువు కోసం ఎదురుచూసేవాడికి జరిగే నష్టం కూడా లెక్కలోకి వచ్చిందిక్కడ. భీమిలి దారిలోని తొట్లకొండ, బావికొండ మీది బౌద్ధ విహారాల శిథిలాలు చూసేవారు ఈ నియమాన్ని గుర్తుపెట్టుకుంటే మంచిది. రాతిలో తొలిచిన ఆ తొట్లు, నీటి గుంటలు కొండ దిగకుండా నెలల తరబడి ఉండగలిగిన జీవితానికి ఆనవాళ్లు.

వైదిక సన్యాసులూ ఆషాఢ పౌర్ణమి నాడు వ్యాసపూజ చేసి చాతుర్మాస్య దీక్ష పడతారు. పక్షాన్నే మాసంగా లెక్కించే సంప్రదాయం ఉన్నందువల్ల చాలామంది పీఠాధిపతులు భాద్రపద పౌర్ణమికి, అంటే రెండు నెలలకే, దీక్ష ముగిస్తారు. గృహస్థులకు తొలి ఏకాదశి నుంచి ఉత్థాన ఏకాదశి దాకా విష్ణువు యోగనిద్రలో ఉండే కాలమిది.

మొక్కు ప్రశ్నకు నేరుగా పనికొచ్చేది మాత్రం సంకల్పం. తెలుగునాట పూజకు కూర్చున్న మనిషి చేత పురోహితుడు ముందుగా దేశకాలాలు చెప్పిస్తాడు. ఆ చోటు శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదీ, ఏ నదుల మధ్య ఉన్నదీ చెప్పాలి. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెప్పాలి. ఫలానా పని చేస్తానన్న మాట ఆ తరవాతే వస్తుంది. ఋతువును పేరు పెట్టి పిలిచి మొదలుపెట్టిన సంకల్పం ఋతువును ఖాతరు చేయకపోవడం కుదరదు. ఒక కర్మకు ముఖ్యకాలం తప్పితే గౌణకాలంలో చేసుకోవచ్చని ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది. కాబట్టి దారి కోసం ఆగిన యాత్రికుడు మాట తప్పినట్టు కాదు. తన మాటలోనే ఉన్న ఒక భాగాన్ని పాటించినట్టు.

రామాయణం ఈ విషయాన్ని శాస్త్రం కంటే బాగా చెప్పింది. వాలి వధ తరవాత సీతను వెతకడానికి ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకూడని స్థితి రాముడిది. అయినా శ్రావణం వచ్చిందని, ఇది ప్రయత్నానికి తగిన కాలం కాదని, కార్తికంలో పూనుకొమ్మని సుగ్రీవుడికి చెప్పింది రాముడే. నాలుగు నెలలు లక్ష్మణుడితో కలిసి కొండ గుహలో గడిపాడు. దారులు నడవడానికి వీల్లేకుండా ఉన్నాయి గనక సుగ్రీవుణ్ణి తొందరపెట్టలేదని కూడా చెప్పుకున్నాడు. వాల్మీకి వర్షవర్ణన అంతా ఆ నిరీక్షణలోనిదే. ఆ వేదన తెలిసినవారెవరూ దాన్ని బద్ధకం అనరు.

శరత్తు వచ్చింది, బురద ఆరింది, సుగ్రీవుడు కదల్లేదు. హనుమంతుడు గుర్తుచేస్తే సేనలను పిలిపించమని నీలుడికి ఆజ్ఞ ఇచ్చి మళ్లీ అంతఃపురంలో మునిగిపోయాడు. లక్ష్మణుడు కోపంతో కిష్కింధకు వెళ్లింది అప్పుడే. వానల్లో ఇద్దరూ ఆగినవాళ్లే. ఒకరి ఆగడం ధర్మమైంది, రెండోవారిది వానలు వెలిసిన నాటి నుంచి అపరాధమైంది. వాయిదాకు కారణం బయట ఉన్నంతకాలం అది వాయిదా. కారణం పోయాక కూడా సాగితే దానికి వేరే పేరు పెట్టాలి.

ఇస్లాంలో బురద పేరు నేరుగానే వినిపిస్తుంది. వాన కురిసిన ఒక శుక్రవారం ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ ముఅజ్జిన్‌తో నమాజుకు రమ్మని పిలిచే మాటకు బదులు ఇళ్లలోనే చేసుకొమ్మని పిలవమన్నాడని హదీసు గ్రంథాలు చెబుతాయి. జనం విస్తుపోతే, ప్రవక్త కూడా ఇలాగే చేశారని, మీరు బురదలో జారుతూ రావడం తనకు ఇష్టం లేదని ఆయన బదులిచ్చాడు. శుక్రవారం నమాజు విధి అని తెలిసే ఈ సడలింపు ఇచ్చాడు. హజ్ యాత్ర కూడా దారి పట్టగల స్తోమత ఉన్నవారికే విధి. దారి క్షేమంగా ఉండటం ఆ స్తోమతలో భాగమని న్యాయవేత్తలు వివరించారు.

ఇప్పుడు కొండల దగ్గరికి రావాలి. తెలుగునాట వసంతం పొడికాలం, బురద ఆషాఢంలో మొదలవుతుంది. అందుకే నల్లమల యాత్రల్లో పెద్దవి వానలకు ముందే పూర్తవుతాయి. కన్నడ భక్తులు అడవిదారిన నడిచి శ్రీశైలం చేరేది ఉగాదికి. నాగర్‌కర్నూల్ జిల్లా అడవిలో చెంచులు పూజారులుగా ఉండే సలేశ్వరం జాతర జరిగేది చైత్ర పౌర్ణమికి, అదీ కొద్దిరోజులే. ఆ లోయలోకి దిగే రాతిబాట ఎండాకాలంలోనే ప్రాణాంతకం, వానల్లో చెప్పనక్కర్లేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో జులై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా పర్యాటకులను రానివ్వరు. అటవీశాఖ చూసేది జంతువుల సంతానకాలాన్ని, దారుల స్థితిని. ఆచారాంగ సూత్రం చూసినవీ ఆ రెండే.

నెలలు తప్పి వచ్చే వానలూ ఉన్నాయి. 2021 నవంబరులో తిరుమల కొండల మీద కుండపోత కురిసి మెట్ల మీద నీళ్లు వాగులై పారాయి. తిరుమల తిరుపతి దేవస్థానం అలిపిరి, శ్రీవారిమెట్టు నడకదారులు రెండింటినీ మూసివేసింది. బండలు దొర్లి దెబ్బతిన్న శ్రీవారిమెట్టు మార్గం మరమ్మతులు పూర్తయి తెరుచుకున్నది 2022 మే నెలలో. ఆ దారినే నడిచి వస్తామని మొక్కుకున్నవారికి ఆ నెలల్లో ఆగడం తప్ప మార్గం లేదు. దారి మూసింది దేవుడి తరఫున కొండను చూసుకునే సంస్థే అయినప్పుడు, ఆగినవాడి భక్తిని శంకించే హక్కు ఎవరికీ ఉండదు.

మంచుదేశాల్లో బురదకాలం వసంతంలో వస్తుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో 1910లో ఏర్పడిన గ్రీన్ మౌంటెన్ క్లబ్ ఏప్రిల్ నడుమ నుంచి మే చివరి వారం దాకా ఎత్తయిన కొండబాటలకు వెళ్లవద్దని కోరుతుంది. పైన మంచు కరిగినా లోపలి నేల గడ్డకట్టే ఉంటుంది, నీరు ఇంకదు. బూటు దిగబడిన చోట మట్టి కొట్టుకుపోతుంది. బురద తప్పించుకోవడానికి పక్కకు అడుగేస్తే బాట వెడల్పై అంచున ఉన్న మొక్కలు చస్తాయి. అక్కడ స్థిరపడ్డ తెలుగువారికి వారాంతపు కొండ నడక వాయిదా పడితే సెలవు పోయిందన్న బాధ కలగడం సహజం. మతం మాట ఎత్తకుండానే ఆ క్లబ్ చెబుతున్నది ఆనాటి జనం బుద్ధుని భిక్షువులతో చెప్పిన మాటే. తడినేల మీద నడిచే హక్కు నడిచేవాడి అవసరాన్ని బట్టి కాదు, నేల తట్టుకోగలిగినదాన్ని బట్టి ఉంటుంది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. మృత్యువు ఎవరి పని పూర్తయిందో చూసి రాదు, కాబట్టి ధర్మకార్యం రేపటికి పెట్టకూడదని పెద్దలు చెప్పారు కదా? వాయిదా వేసినవాడు కార్తికం రాకముందే పోతే? ఇస్లాంలోని హనఫీ శాఖ న్యాయవేత్తలు సరిగ్గా ఇక్కడే రెండుగా చీలారు. దారి క్షేమం లేనప్పుడు హజ్ విధే ఏర్పడదని కొందరన్నారు. విధి ఏర్పడుతుంది, వెళ్లడం మాత్రమే ఆగుతుంది, కాబట్టి తన బదులు మరొకరు హజ్ చేసేలా వీలునామా చెప్పి పోవాలని మరికొందరన్నారు. రెండో మాట ఎక్కువ న్యాయంగా కనిపిస్తుంది. అది బురదను గౌరవిస్తుంది, బాకీని కూడా గుర్తుంచుకుంటుంది.

తెలుగు ఇళ్లలో ఈ బాకీని గుర్తుంచుకునే పద్ధతి ముడుపు. యాత్ర వెంటనే కుదరనప్పుడు పసుపు గుడ్డలో డబ్బు మూటకట్టి దేవుడి పటం దగ్గర పెడతారు. ఎవరికి, ఏ కొండకు మొక్కిందో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మొక్కినవారు వెళ్లలేకపోతే పిల్లలు తీసుకెళ్తారు. దాన్ని విప్పి వేరే ఖర్చుకు వాడరు. దారి తెరుచుకుని యాత్ర జరిగిన రోజున అది కొండ మీది హుండీలో చేరుతుంది.