నాన్న చేతికి గడువు పెట్టకు

అమ్మలూ,

"పక్షవాతం వచ్చిన నాన్న మునుపటిలా ఎప్పటికవుతారు మావయ్యా?" అని రాశావు. దానికి తేదీ చెప్పగలవాళ్లు లేరమ్మా. చెప్పేవాళ్లని నమ్మకు. పసరు పోస్తామనేవాళ్లు, పావురం నెత్తురు రుద్దితే కాలూ చెయ్యీ వస్తాయనేవాళ్లు మీ గుమ్మందాకా వస్తారు. వాళ్లు అమ్మేది ఆ తేదీనే.

నెత్తురు అందక చచ్చిపోయిన మెదడు కణాలు తిరిగి బతకవు. మిగిలిన భాగాలు ఆ పనిని కొంతవరకు నేర్చుకుంటాయి. నేర్చుకోవాలంటే ఆ పనే మళ్లీ మళ్లీ చెయ్యాలి. మొదటి 3 నెలల్లో మార్పు కంటికి కనబడుతుంది, 6 నెలలయ్యేసరికి నెమ్మదిస్తుంది. రావాల్సింది వచ్చేసిందనుకుని చాలా ఇళ్లలో ఫిజియోథెరపీ మానిపించేది అక్కడే. నెమ్మదించడం వేరు, ఆగిపోవడం వేరు. ఏడాది దాటాక కొత్త పని పట్టుబడినవాళ్లున్నారు. ఎప్పటికీ మునుపటిలా కానివాళ్లూ ఎందరో ఉన్నారు. నాన్నకి ఈ రెండూ దాచకుండా చెప్పు.

కుడిచెయ్యి పడిపోయాక మీ అత్తయ్య పట్టుదలంతా జాకెట్టు హుక్కు మీదే. ఎడమచేత్తో గుడ్డ బిగించి పట్టుకుని, కుడి బొటనవేలితో హుక్కుని నెట్టేది. జారిపోయేది. మళ్లీ నెట్టేది. పక్కనున్నవాళ్లకి చెయ్యి ఊరుకోదు, పెట్టేద్దామనిపిస్తుంది. కళ్లతోనే వద్దనేది. నువ్వూ అలా ఊరుకోవడం నేర్చుకో. జాలిపడి అన్నీ నువ్వే చేస్తే నాన్న పడిపోయిన చేతిని వాడటమే మానేస్తాడు. ముద్ద కలిపి ఇవ్వు, నోటికి ఎత్తుకోవడం ఆయనకి వదిలెయ్. మింగడం సరిగ్గా ఉందని డాక్టరు చూసి చెప్పాకే సుమా, పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దు, భుజం జారుతుంది.

మాట పోయినంత మాత్రాన తెలివి పోయినట్టు కాదు. పరామర్శకొచ్చినవాళ్లు ఆయన ఎదుటే "మనుషుల్ని గుర్తుపడుతున్నాడా?" అని నిన్ను అడుగుతారు. "ఆయన్నే అడగండి, జవాబుకి కాస్త ఆగండి" అను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని వ్యాయామం వద్దంటే బద్ధకమనుకోకు. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందిని దిగులు జబ్బు పట్టుకుంటుంది. దానికీ వైద్యం ఉంది, డాక్టరుకి చెప్పు.

ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. కాసేపటికి అదే తగ్గిపోయినా సరే. నెత్తురు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా 4.5 గంటలే గడువు. గడ్డ అడ్డుపడిందో, రక్తనాళం చిట్లిందో స్కానింగ్‌లోనే తెలుస్తుంది కాబట్టి ఇంట్లో ఏ మాత్రా వెయ్యకు, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమను. ఈ సంగతి మీ వీధిలో అందరికీ చెప్పు. మన వైపు ఇంకా గాలి సోకిందంటూ, తెల్లారాక చూద్దామని పడుకోబెడుతున్నారు. ఆ ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నదాన్ని ఏళ్ల తరబడి ఫిజియోథెరపీ చేయించినా పూర్తిగా తిరిగి తెచ్చుకోలేం.

బీపీ తగ్గిందని మాత్రలు మాననివ్వకు. మాత్రలు వేసుకుంటున్నందుకే తగ్గింది. దసరాకి నేనొస్తున్నాను. ఆ వారం బావ స్నానం, వ్యాయామం నేను చూసుకుంటాను. అమ్మని నిద్రపోమను, నువ్వూ పడుకో.

మీ మావయ్య