లెక్కలో సున్న లేదు



మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి జబ్బుపడిన తన కుమారుణ్ణి ప్రభువు వద్దకు తీసుకొనివస్తాడు. ఆ బిడ్డను మత్తయి సువార్త మూర్ఛరోగి అంటుంది. శిష్యులు అప్పటికే ప్రయత్నించి విఫలులయ్యారు. ప్రభువు కళ్లముందే బాలుడు నేలపై పడి నురుగు కక్కుతూ కొట్టుకుంటున్నాడు. అట్టి సమయంలో ప్రభువు ఏమి చేశారు? ఇది ఎంతకాలంగా ఉన్నదని తండ్రిని అడిగారు. పసితనం నుండేనని, ఎన్నోసార్లు నిప్పులోను నీటిలోను పడ్డాడని తండ్రి చెప్పుకున్నాడు. సర్వమూ ఎరిగిన ప్రభువుకు ఆ ప్రశ్నతో పనేమి? ఆ తండ్రి గుండెబరువు వినడానికే కదా!

నేడు ఆ ప్రశ్న అడిగేది మన నర్సులు. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి సాగుతున్నాయి. ఈ దారుల వెంట తలకు దెబ్బ తగిలినవారిని, పక్షవాతం వచ్చిన పెద్దలను ఆసుపత్రికి చేర్చినప్పుడు రాత్రంతా పక్కన నిలిచేది వారే.

1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు స్పృహను కొలిచే ఒక పద్ధతి ఏర్పరిచారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. నర్సు రోగిని పేరుపెట్టి పిలుస్తుంది. ఎక్కడ ఉన్నారో, ఇది ఏ నెలో అడుగుతుంది. చెయ్యి ఎత్తమంటుంది. కంటిపాపల మీద టార్చి వేసి చూస్తుంది. అంతా రాసిపెట్టి, కొంతసేపటికి మళ్లీ వస్తుంది. అంకె తగ్గితే వెంటనే డాక్టరుగారికి కబురు పంపుతుంది. ఆ మెలకువే ఎందరి ప్రాణాలనో నిలుపుతోంది.

మరి ఎంత పిలిచినా పలకని, కదలని రోగికి ఎన్ని మార్కులు? సున్న అనుకుంటాం. కాదు, 3. ప్రతి భాగమూ 1తోనే మొదలవుతుంది. ఇది వైద్యుల లెక్కే అయినా విశ్వాసికి ఇందులో పాఠమున్నది. సువార్తలోని బాలుడు శవంలా పడివుంటే చనిపోయాడని పలువురు అన్నారు. జనం సున్న వేసినచోట ప్రభువు అతని చేయి పట్టుకొని లేపారు.

కాబట్టి ఇంట్లో మంచానపడినవారికి మనం సున్న వేయరాదు. పలకకపోయినా పేరుపెట్టి పిలవండి. వినబడదులే అని వారి ఎదుటే ఖర్చుల గురించి, ఆస్తి గురించి మాట్లాడకండి. రెండు గంటలకొకసారి పక్క మార్చండి, పుండ్లు పడకుండా ఉంటాయి. కూర్చోబెట్టి, మింగగలుగుతున్నారని చూసుకొని తినిపించండి.

మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి. మూతి వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడితే పసరు మందుకని ఊళ్లు తిరగకండి. రక్తపుగడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ప్రార్థన మానమని చెప్పడం లేదు. ఆంబులెన్సులో కూర్చొని జపమాల చెప్పుకోండి.

పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినోత్సవాన్ని నెలకొల్పి, లూర్దుమాత పండుగైన ఫిబ్రవరి 11ను అందుకు నిర్ణయించారు. ఆయనకే పార్కిన్సన్ వ్యాధి వచ్చింది. చేతులు వణికినా, మాట తడబడినా లోకానికి కనబడడానికి ఆయన సిగ్గుపడలేదు. 2005లో మరణించేవరకు ఆ సిలువను మోశారు.

ఆ తండ్రి నిండు విశ్వాసంతో రాలేదు. తన అవిశ్వాసాన్ని దాచకుండానే ప్రభువును సాయమడిగాడు. ఏళ్ల తరబడి సేవచేసి అలసిన భార్య, తల్లి, కోడలు మన విచారణలోనూ ఉన్నారు. ఈ ఆదివారం పూజ ముగిశాక అట్టి ఒక్క ఇంటికి వెళ్లండి. ఎంతకాలంగా ఉన్నదని అడగండి. తొందరపడక వినండి. ఒక్క గంట మీరు మంచం పక్కన కూర్చొని, వారిని కాస్త నిద్రపోనివ్వండి.

వ్యాధిగ్రస్తుల ఆరోగ్యమైన మరియమాత మనకొరకు వేడుకొనునుగాక. ఆమెన్.