అవతలి గొంతు

మా ఇంట్లో అమ్మ ఫోటోలు పన్నెండున్నాయి. అమ్మ గొంతు మాత్రం ఒక్క ముక్కైనా లేదు. చిక్కడపల్లిలో ఈ ఇంట్లోనే నలభై ఏళ్ళు వినిపించిన గొంతు అది. "పాలు పొంగుతున్నాయే!" అంటే వీధి చివరిదాకా వినబడేది. ఇవాళ కళ్ళు మూసుకుని తలుచుకుందామన్నా మాటలు గుర్తొస్తాయి గాని గొంతు గుర్తు రాదు.

పిన్ని విషయంలో ఆ పొరపాటు జరగకూడదనుకున్నాను. పిన్నికి ఎనభై రెండేళ్ళు. కాలిఫోర్నియాలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆదివారం పొద్దున్నే నేనిక్కడ కంప్యూటర్ ముందు కూచుంటే, అక్కడ శనివారం రాత్రి భోజనాలయ్యాక ఆవిడ కూచుంటుంది. గంటసేపు కబుర్లే కబుర్లు. ట్రంకాల్ బుక్ చేసి, "హలో, వినపడుతోందా?" అంటూనే మూడు నిమిషాలూ ఖర్చు పెట్టేసిన ఇల్లు మాది. ఇప్పుడు అన్ని మాటలూ అలా గాల్లో కలిసిపోతున్నాయే అని నా బాధ.

మా మేడమీద గదిలో ఒక కుర్రాడు అద్దెకుంటాడు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగు, మిగతా పొద్దంతా సిటీ సెంట్రల్ లైబ్రరీ. అతన్నడిగితే, "దాందేముంది ఆంటీ!" అని ఏదో పెట్టిచ్చాడు. కాల్ అయ్యాక వేసి చూద్దును కదా, పిన్ని మాట ఒక్కటీ లేదు! అన్నీ నావే. "ఊఁ", "అలాగా", "అది సరే పిన్నీ, నే చెప్పేది విను". గంటలో "అలాగా" కంటే "నే చెప్పేది విను" అన్నదే ఎక్కువ. నాకే సిగ్గేసింది.

కుర్రాడు కారణం చెప్పాడు. మన గొంతు మైకులోంచి కంప్యూటర్లోకి పోతుంది. అవతలివాళ్ళ గొంతు ఇంటర్నెట్లో వచ్చి స్పీకర్లోంచో హెడ్‌ఫోన్లోంచో బయటికొస్తుంది. దారులు వేరు. మైకు దగ్గర కాపు కాస్తే మనమే దొరుకుతాం. హెడ్‌ఫోను పెట్టుకుంటే అవతలి గొంతు గదిలోకే రాదాయె! అందుకని ఓబీఎస్ అనే ఉచిత ప్రోగ్రాము ఎక్కించి, మైకునూ, కంప్యూటర్లో వినిపించే ధ్వనినీ కలిపి ఒకే ఫైల్లో పడేట్టు చేశాడు.

మరుసటి ఆదివారం రెండు గొంతులూ పడ్డాయి. పిన్ని ముందు ఓ మంగళహారతి పాడింది. తరవాత నారాయణగూడ మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాలకు అమ్మా, తనూ నడిచివెళ్ళిన రోజుల గురించి చెప్పింది. మధ్యలో లేచి వెళ్ళి తలుపు వేసొచ్చి, గొంతు తగ్గించి, కోడలి సంగతి చెప్పుకుని ఏడ్చింది.

సాయంత్రం పిన్ని కూతురు ఫోన్ చేసి, "నాకూ పంపవే, అమ్మ పాట వింటాను" అంది. పంపబోతుంటే వేలు ఆగిపోయింది. ఆ తలుపు పిన్ని ఎవరూ వినకూడదని కదా వేసుకుంది?

విన్నది గుర్తుంచుకోవడం తప్పు కానప్పుడు, కంప్యూటర్ గుర్తుంచుకుంటే తప్పేమిటని మొదట సమాధానపడ్డాను. కాని నా జ్ఞాపకానికి దయ ఉంది. పిన్ని ఆ రోజు మోకాళ్ళ నొప్పితో విసిగి అలా అందని నాకు తెలుసు. కంప్యూటర్‌కు తెలీదు. ఎవరు మీట నొక్కినా అదే ఏడుపు అలాగే వినిపిస్తుంది. పిన్ని ఆ మాటలిచ్చింది నాకు, కంప్యూటర్‌కు కాదు.

ఇది కోర్టులదాకా వెళ్ళిన ప్రశ్నే. అమెరికాలో భార్య ఇండియాలోని తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోన్లో మాట్లాడిన మాటల్ని భర్త ఆమెకు తెలియకుండా పట్టి, విడాకుల కేసులో హార్డ్ డిస్కుగా తెచ్చాడు. అది ఆమె ఏకాంతపు హక్కుకు భంగమనీ, సాక్ష్యంగా పనికిరాదనీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పిన తీర్పు 2008 లా రిపోర్టుల్లో ఉంది. 2025 జులైలో సుప్రీంకోర్టు మరో కేసులో, భార్య తనతో మాట్లాడినవి భర్త రహస్యంగా రికార్డు చేసినా, విడాకుల విచారణలో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చిందంటే ఆ కాపురంలో నమ్మకం లేనట్టేనని కూడా అంది. పిన్ని ఉండే కాలిఫోర్నియాలోనైతే, రహస్యంగా చెప్పుకునే మాటల్ని రికార్డు చెయ్యాలంటే మాట్లాడేవాళ్ళందరూ ఒప్పుకోవాలని చట్టం.

కట్నం కోసం బెదిరించేవాడి మాటలు ఒక ఆడపిల్ల చెప్పకుండా రికార్డు చేసిందనుకోండి, నేను తప్పు పట్టను. ఆమెకు అంతకుమించి ఆధారం లేకపోవచ్చు. కాని నన్ను నమ్మి ఏడ్చిన మనిషి దగ్గర నాకెందుకు ఆధారం?

ఆ వారం పిన్నికి చెప్పేశాను. కాసేపు మాట లేదు. "కోడలి సంగతి కూడా పడిందా?" అంది. పడిందన్నాను. "హారతి ఉంచుకో. మిగతాది తీసెయ్యమ్మా."

అమ్మ బడి కబుర్లన్నీ ఆ ఏడుపుకు అటూ ఇటూ పెనవేసుకుని ఉన్నాయి. కత్తిరించడం నాకు రాదు. కుర్రాడిచేత చేయిద్దామంటే, అతను వినాలి! హారతి దాకా ఉంచడమొక్కటీ ఎలాగో నేర్చుకుని, మిగతాదంతా చెరిపేశాను. అందులో మా అమ్మ ఎనిమిదేళ్ళ పిల్ల. చెరిపేశాక కాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ముందు చెప్పి బటన్ నొక్కుతున్నాను. పిన్ని గొంతు సవరించుకుని రేడియోలో వార్తలు చదివినట్టు పది నిమిషాలు చెబుతుంది. బాగానే ఉంటుంది గాని, మా పిన్నిలా ఉండదు. తరవాత, "ఆపేశావా? నిజంగా ఆపేశావుటే?" అని రెండుసార్లడిగి, అప్పుడు మొదలుపెడుతుంది అసలు కబుర్లు.

అవి దాచుకోవడానికి నా దగ్గర చెవులు తప్ప ఏమీ లేవు. అందుకే ఈమధ్య "నే చెప్పేది విను" అనడం కాస్త తగ్గించాను.