మట్టపుగుండుతో సరిచూచిన గురి

ధ్యానభాగము: ఆమోసు 7:7–9; 8:4–6



దేవుడు మట్టపుగుండు చేతపట్టుకొని గోడమీద నిలిచియుండుట తెకోవ కాపరియైన ఆమోసు దర్శనమందు చూచెను. మన గ్రామములలో తాపీపనివారు నేటికిని ఆ గుండునే వాడుదురు. దూరపు గురికొరకు తుపాకికి దుర్భిణి బిగించువారును అట్టి గుండునే ఆశ్రయింతురు. ఆ పని యెట్లు జరుగునో చూచినయెడల ప్రవక్త దర్శనము మనకు మరింత తేటపడును.

ఆ దుర్భిణిలో సన్నని నిలువుగీతయు అడ్డగీతయు కనబడును. మొదట తుపాకిని కదలకుండ ఆనించి, రసమట్టము పెట్టి సమముగా నుంచుదురు. దుర్భిణిని దాని కడియములలో వదులుగా నమర్చుదురు. గాలి తగులని చోట, కొంత దూరమున, బరువు కట్టిన దారమును వ్రేలాడదీయుదురు. నిలువుగీత ఆ దారముతో ఏకమగువరకు దుర్భిణిని మెల్లగా త్రిప్పుదురు. పిమ్మట స్క్రూలను ఒకవైపే బిగింపక, అటునిటు కొంచెము కొంచెముగా బిగింతురు. బిగించునప్పుడే దుర్భిణి కదలిపోవచ్చును గనుక కడపట దారముతో తిరిగి సరిచూతురు.

కంటికి సరిగా కనబడిన చాలదా? చాలదు. తుపాకిని ఒరగబెట్టి పట్టు అలవాటుగలవానికి ఆ ఒరుగుడే నిటారుగా తోచును. దారము ఎవని అలవాటును లక్ష్యపెట్టదు.

ఒరుగుడు 3 డిగ్రీలే అనుకొందము. తూటా 2 అంగుళములు మాత్రమే క్రిందికి దిగు దూరమున, దానికి తగినట్లు గురి పైకెత్తినయెడల, తప్పు అంగుళములో పదవవంతు, ఎవరికిని కనబడదు. తూటా 100 అంగుళములు దిగు దూరమున అదే ఒరుగుడు దానిని 5 అంగుళములకు మించి ప్రక్కకు త్రోయును. ఒరుగుడు పెరుగలేదు, దూరము దానిని బయటపెట్టెను.

ప్రియులారా, ఆమోసు కాలపువారు పండుగలు మానలేదు. గాని కొలత తగ్గించిరి, త్రాసు మోసముచేసిరి, బీదలను నలిపిరి. మన సంగతి యేమి? కాటాయొద్ద తగ్గించినది పిడికెడే అందుము. కూలివానికి ఆపినది కొంచెమే అందుము. పెద్దల కుమారుడు తప్పిపోయినయెడల చిన్నతనమనియు, పేదవిధవరాలి కుమారుడు తప్పిపోయినయెడల పాపమనియు చెప్పి, వానినే బల్లకు దూరపరచుదుము. మన కంటికి ఇది సరిగానే తోచును. ఇంటిలో చూచుచున్న పిల్లలు పెద్దవారైనప్పుడు ఆ ఒరుగుడు ఎంత దూరము పోవును?

కాబట్టి వచ్చే ఆదివారము బల్లయొద్దకు రాకమునుపు, ఆపిన కూలి లెక్కచూచి ఇచ్చివేయుదము. సంఘములో తగవు తీర్చునప్పుడు, ఇదే తప్పు మన యింటివాడు చేసినయెడల ఏమి తీర్పు చెప్పుదుమో మొదట తలంచుకొందము. ఉజ్జీవకూటములలో తీర్మానించుకొని బిగించుకొన్నామని నిశ్చింతగా నుండక, వాక్యము యెదుట దినదినము తిరిగి సరిచూచుకొందము.

మట్టపుగుండు పట్టుకొనినవాడు మనలను పడద్రోయక మునుపు మన ఒరుగుడు చూపుచున్నాడు. చూపుట ఆయన కృపయే. ఆయన మనలను చక్కపరచును గాక. ఆమేన్.