పెరట్లో డిష్, బాయి మీద మైసమ్మ

గోదావరిఖనిలో ఎనిమిది అడుగుల డిష్ పెట్టించాలనుకునేవాళ్లు ఆకాశం సంగతి తర్వాత, ముందు నేల సంగతి చూసుకోవాలి. బొగ్గు తీసేసిన ఖాళీలు కింద ఎక్కడో ఉంటాయి. వాటిలో కొన్నింటిని గోదావరి ఇసుకతోనే నింపారు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయిన పూట చుట్టుపక్కల ఇళ్లలో గిన్నెలు గలగలమంటాయి. అటువంటి నేలలో మూడంగుళాల జీఐ పైపు పాతి, ఏళ్ల తరబడి వెంట్రుకవాసి కదలకూడదని కోరుకోవడానికి ఆస్తికుడికైనా నాస్తికుడికైనా కొంత విశ్వాసం కావాల్సిందే.

పని మాత్రం చాలా లౌకికం. పదడుగుల పైపులో మూడో వంతు మట్టిలోకి పోతుంది. గాలికి పైపు తన చుట్టూ తాను తిరగకుండా అడుగున రెండు ఇనుప చువ్వలు అడ్డంగా వెల్డింగ్ చేస్తారు. రసమట్టం ఒక పక్క ఆనించి చూసి సరేననుకుంటే చాలదు, పైపుకు రెండో పక్క కూడా ఆనించి చూడాలి. ఒక పక్క నిటారుగా ఉన్న పైపు ఇంకో పక్కకు వాలి ఉండటం మామూలే. తర్వాత ఒకటికి రెండు, నాలుగు పాళ్ల కాంక్రీటు, వారం రోజుల క్యూరింగ్. ఎనిమిది అడుగుల డిష్ అంటే గాలికి ఎదురొడ్డే 50 చదరపు అడుగుల రేకు. మే నెల గాలిదుమారం మేస్త్రీ పనితనాన్ని ఒక్క సాయంత్రంలో తేల్చేస్తుంది. బోరు వేసినా, స్లాబు పోసినా కొబ్బరికాయ కొట్టే మన ఊళ్లలో ఈ గుంతకు మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది?

గుడి ముందు ధ్వజస్తంభాన్నీ ఇలాగే గుంత తీసి, లంబం చూసి నిలబెడతారు. దాని అడుగున యంత్రం పెడతారు, ముహూర్తం చూస్తారు. దేవుడు ఇక్కడున్నాడని అది ఊరికంతటికీ చెబుతుంది. డిష్ స్తంభానిది పూర్తిగా తిరగబడ్డ మాట: చూడాల్సింది ఇక్కడ లేదు, ఎక్కడో ఉంది. మరి ఆ స్తంభం మీదుగా ఇంట్లోకి దిగే దేవుడి రూపం దర్శనమా, లేక దర్శనం జరిగిందన్న వార్తా?

ఎక్కడో అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున. అంత ఎత్తున ఉన్న ఉపగ్రహం భూమితోపాటే తిరుగుతుంది కాబట్టి మనకు కదలనట్టే ఉంటుంది. మన జీశాట్‌లు కొన్ని కొలువైన 93.5 డిగ్రీల తూర్పు స్థానాన్ని గోదావరిఖని నుంచి పట్టాలంటే ఆగ్నేయానికి కొంచెం దక్షిణంగా తిప్పి, నేల నుంచి 63 డిగ్రీలు పైకెత్తాలి. లండన్‌లో ఏ డిష్‌నూ 31 డిగ్రీలకు మించి ఎత్తే పని లేదు, అక్కడ పెద్ద డిష్‌లు గోడల్లా నిలబడతాయి. ఇక్కడివి వెల్లకిలా పడుకున్న మూకుళ్లలా ఉండి వానకు నీళ్లు, ఎండకు బొగ్గుపొడి, గాలికి వేపాకు పోగేసుకుంటాయి. అందుకే జల్లెడ డిష్ మేలనేవాళ్లు ఎక్కువ. గురి రెండు మూడు డిగ్రీలు తప్పితే పక్క ఉపగ్రహం ఎదురొస్తుంది, లేదా ఏమీ రాదు.

ఆ ఉపగ్రహాన్ని ఫిట్టర్ ఏనాడూ కళ్లతో చూడడు. పెరట్లో నట్టు తిప్పుతూ "అన్నా, క్వాలిటీ ఎంతుంది?" అని అరుస్తాడు. లోపలి నుంచి "నలభై... యాభై ఐదు... అయ్యో, పోయింది!" అని జవాబొస్తుంది. నైయాయికులు కొండ మీది పొగను చూసి నిప్పును ఊహించినట్టే అతను తెర మీది అంకెను చూసి ఆకాశంలోని వస్తువును ఊహిస్తాడు. ప్రత్యక్షమే ప్రమాణమన్న చార్వాకుడు డిష్ ఫిట్టర్‌గా బతకలేడు. ఇదే ఊళ్లో మసీదు కట్టేవారికీ ఇలాంటి లెక్కే ఉంది. నమాజుకు ముఖం తిప్పాల్సిన దిక్కు కిబ్లా, ఇక్కడి నుంచి పడమరకు సుమారు పదకొండు డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. కంటికి ఆనని చోటుకు ముఖం తిప్పడం మతానికి డిష్ కంటే చాలా ముందే తెలిసిన విద్య.

తెలుగు పల్లెలకు ఆకాశం నుంచి బొమ్మలు రావడం 1975 ఆగస్టులో మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఏడాదిపాటు నడిచిన సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలు ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్ వాటాతో కలిపి. కోళ్ల గూళ్లకు వాడే తీగజాలీతో చేసిన పదడుగుల డిష్ కింద ఊరంతా కూర్చుని వ్యవసాయం, ఆరోగ్యం గురించి చూసింది. దేవుళ్లు ఆలస్యంగా వచ్చారుగానీ గట్టిగా వచ్చారు. 1987 జనవరి నుంచి 1988 జులై దాకా ఆదివారం పూట దూరదర్శన్‌లో 'రామాయణ్' వచ్చినప్పుడు దేశమంతటా జనం తలస్నానం చేసి టీవీ ముందు కూర్చున్నారు, పెట్టెకు దండ వేశారు, హారతిచ్చారు. తెర మీదున్నది నటుడని వాళ్లకు తెలుసు. తెలిసీ హారతిచ్చారు. నవ్వి తీసిపారేయాల్సిన విషయమేం కాదిది. మట్టి వినాయకుడిలోకి ఆవాహన చేసి, తొమ్మిదో రోజున ఉద్వాసన చెప్పే సంప్రదాయంలో, గంటసేపు గాజుతెరలోకి రాముడు రావడం శాస్త్రానికి మరీ దూరమైన ఊహేం కాదు.

2008లో తిరుమల తిరుపతి దేవస్థానం సొంతంగా శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ పెట్టాక నటుడి అడ్డు కూడా పోయింది. అసలు పరీక్ష 2020లో వచ్చింది. కరోనా లాక్‌డౌన్ వల్ల ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది, జనమంతా టీవీల్లోనే చూశారు. అభిజిత్ లగ్నంలో జీలకర్ర బెల్లం పెట్టిన క్షణం ఉపగ్రహం దాకా పోయి కిందికి దిగేసరికి పావు సెకను గడుస్తుంది. డిజిటల్ కుదింపుకు ఇంకొన్ని సెకన్లు. ముహూర్తాన్ని విఘడియలదాకా లెక్కగట్టే పంచాంగంలో ఇది ఒక విఘడియకు లోపే అయినా, తేడా తేడాయే. అయినా ఆ తేడా గురించి బాధపడిన భక్తులున్నట్టు లేదు. అంటే జనం ఇబ్బంది కాలంతోనూ దూరంతోనూ కాదన్నమాట.

ఇబ్బంది ఎక్కడుందో డిష్ వైరింగే చెబుతుంది. డిష్ నడుమ కూర్చుని సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీ నుంచి ఆర్‌జీ-6 కేబుల్ గోడ వెంబడి, వాన నీరు కేబుల్ వెంట లోపలికి రాకుండా ఒక వంపు తిరిగి, రిసీవర్‌కు చేరుతుంది. బొమ్మ కిందికొచ్చే ఆ తీగలోనే ఇంటి నుంచి పైకి పోయేది కొద్దిపాటి కరెంటు: ఒక ధ్రువణానికి 13 వోల్టులు, రెండో దానికి 18. అదీ ఎల్‌ఎన్‌బీ దగ్గరే ఆగిపోతుంది. ఈ ఏర్పాటు మొత్తంలో ఇంటి నుంచి ఆకాశానికి చేరేది ఏదీ లేదు. గుడికి పోయేవాడికి దేవుణ్ని చూడటం సగం పనే, దేవుడి కంట పడటం మిగతా సగం. గర్భగుడి ముందు ఒక్క క్షణం నిలబడనీయమని జనం తోసుకునేది ఈ రెండో సగం కోసమే.

చూడటానికీ కంట పడటానికీ ఉన్న ఈ తేడా పెద్ద మత సంస్థలకు బాగా తెలుసు. మంచాన పడి ఉండగా గోడ మీద పూజ కనిపించిందని చెప్పే 13వ శతాబ్దపు సెయింట్ క్లేర్‌ను 1958లో పోప్ పన్నెండో పయస్ టెలివిజన్‌కు పాలక పునీతురాలిగా ప్రకటించాడు. పోప్ ఆశీర్వాదం టీవీలో అందుకున్నా చెల్లుతుందని 1985లో వాటికన్ ఒప్పుకుంది. అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆదివారం చర్చికి పోకుండా టీవీలో ఆరాధన చూస్తే బాధ్యత తీరినట్టు కాదు. తిరుమలలో 2020 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కల్యాణోత్సవం పెట్టినప్పుడు టికెట్ కొన్నవారు ఇంట్లో కూర్చుని తమ గోత్రనామాలు తామే చెప్పుకున్నారు, వస్త్రం, అక్షతలు, ప్రసాదం తపాలాలో వచ్చాయి. తెర చాలినట్టయితే తపాలా ఎందుకు?

బాయి, అంటే బొగ్గు గని, దాని మీద మైసమ్మకు ఈ తంటా లేదు. సింగరేణి గనుల దగ్గర చిన్న గుడిలో ఉండే ఆమెకు దండం పెట్టి, మస్టర్ పడి, టోపీబత్తి తీసుకుని షిఫ్టుకు దిగుతారు. 2003 జూన్‌లో ఇక్కడి జీడీకే-7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయిన బొగ్గు పట్టీ ఇది. పైకప్పు కూలే చోటికి పోయే మనిషికి ఆ చోటనే ఉండే దేవత కావాలి. ఆమెను ఛానల్లో చూపించినా కార్మికుడికి ఒరిగేదేం లేదు. అదే మనిషి ఇంటికొచ్చి టీవీలో శ్రీవారి సేవ చూస్తాడు. ఇందులో గందరగోళమేం లేదు. వేంకటేశ్వరుడు ఉత్సవమూర్తిగా మాడవీధుల్లో తిరిగేవాడు, కల్యాణాలకు ఊరూరా పోయేవాడు. ప్రయాణాల దేవుడు తరంగాల మీద రావడం ఆయన అలవాటుకు కొనసాగింపే. మైసమ్మ కాపలా వదిలి ఎక్కడికీ రాదు.

వీళ్లిద్దరికీ మధ్యస్థంగా సమ్మక్క సారలమ్మలున్నారు. మేడారంలో విగ్రహాలుండవు. చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్కను తెచ్చి గద్దె మీద నిలుపుతారు. టీవీ కెమెరాకు దొరికేది ప్రధానంగా జనమే. అక్కడి మొక్కు నిలువెత్తు బంగారం, అంటే మనిషిని తక్కెట్లో కూర్చోబెట్టి అంతే బరువు బెల్లం సమర్పించడం. తక్కెట్లో కూర్చోవాల్సిన ఒళ్లు గోదావరిఖనిలో టీవీ ముందుంటే మొక్కు ఎలా తీరుతుంది? మేడారం దాకా పోలేనివాళ్ల కోసం ఇక్కడి జనం గోదావరి ఒడ్డున గద్దెలు కట్టుకుని, అక్కడా రెండేళ్లకోసారి జాతర చేసుకుంటున్నారు. రిలే కేంద్రం అంటే ఇదే, కాకపోతే రెండు వైపులా పనిచేస్తుంది.

2022 జాతరకు ఆర్టీసీ కార్గో ఇంకో దారి చూపింది: భక్తులు కౌంటర్లో ఇచ్చిన బెల్లాన్ని మేడారం చేర్చి, ప్రసాదాన్ని తిరిగి తెచ్చివ్వడం. డిష్‌లో లేని పైకి పోయే దారిని ఎర్రబస్సు సమకూర్చింది, చార్జీ తీసుకుని.