సిపాయి పక్షమున మాటాడువారెవరు?

1945వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఢిల్లీ ఎఱ్ఱకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు మువ్వురిపై సైనిక న్యాయస్థానమున విచారణ మొదలైనప్పుడు, ముద్దాయిల పక్షమున నిలిచినవారిలో తేజ్ బహదూర్ సప్రూ, జవహర్‌లాల్ నెహ్రూగార్లు గలరు. ముఖ్యముగా వాదించినవారు భూలాభాయి దేశాయిగారు. పరాధీనమైన జాతి స్వాతంత్ర్యమునకై యుద్ధము చేయుట అపరాధము కాదని వారు వాదించిరి. న్యాయస్థానము ద్వీపాంతరవాసము విధించెను. సేనాధిపతి దానిని 1946 జనవరిలో రద్దుచేసెను. ఇది మన పాఠకులు పెక్కుమంది యెఱిగిన కథయే.

పేరుగలవానికి వకీళ్లు దొరకుట వింత కాదు. మేమిప్పుడు తలపోయుచున్నది పేరులేని సిపాయిని గూర్చి.

1950వ సంవత్సరపు సైనిక చట్టము ననుసరించి జరుగు విచారణలలో పెద్దవాటియందు వకీలు వాదింపవచ్చును. సమ్మరీ కోర్టు మార్షల్ అనునది వేఱు. అందు న్యాయాధిపతి ఆ దళమును నడపు అధికారి యొక్కడే. మఱియిద్దఱు ప్రక్కన కూర్చుందురు గాని వారికి తీర్పుతో పనిలేదు. ఆ యొక్కడే సిపాయిని ఒక యేడు వఱకు చెఱసాలకు పంపగలడు, కొలువునుండి తొలగింపగలడు. ముద్దాయికి సహాయుడొకడు ఉండవచ్చునని 1954 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఆ సహాయుడు సలహా చెప్పవచ్చును, సాక్షి నేమడుగవలెనో సూచింపవచ్చును. కాని తాను సాక్షిని ప్రశ్నింపరాదు, న్యాయస్థానముతో మాటాడరాదు! ఏండ్ల తరబడి "జీ సాబ్" అనుటకే అలవడిన నాలుకతో ఆ సిపాయి, రేపు తనకు ఆజ్ఞ లిచ్చు సుబేదారును నేడు అడ్డుప్రశ్న లడుగవలెను. అదియు తన అధికారి యెదుటనే. దీనిని రక్షణ యనుటకు మాకు నోరు రాకున్నది.

ఇది వట్టి యూహ కాదు. సిగ్నల్స్ దళమున నొక సిపాయి తన అధికారి తన్ను బాధించుచున్నాడని పైవారికి నేరుగా మొఱపెట్టుకొనెను. అట్లు వ్రాసినందుకు 28 దినముల కఠినశిక్ష పడెను. ఆ నిర్బంధములో నుండగా 1985లో, తినుమన్నను అన్నము తినలేదని మఱల విచారణ జరిపిరి. ఎవరిపై నతడు మొఱపెట్టెనో ఆ యధికారియే పీఠముపై నుండెను. ఒక యేడు చెఱ, కొలువు పోవుట - అన్నము ముట్టనందుకు! హైకోర్టు అర్జీని మొదటనే త్రోసివేసెను. 1987లో సుప్రీముకోర్టు శిక్షను కొట్టివేసి, జీతభత్యములతో మరల కొలువిప్పించెను. ఈ యధికారి విచారించుట నీకు సమ్మతమా యని చట్టప్రకార మడుగవలసిన ప్రశ్ననైన నతని నడుగలేదని తేలెను. ప్రక్కన నోరుగల వకీలొక్కడుండిన, ఆ మాట మొదటి గడియలోనే బయటపడి యుండదా?

క్రమశిక్షణ చెడునని పెద్దలందురు. గుండ్లు కురియుచోట వకీలుకై వేచియుండుట కుదరదని మేమును ఒప్పుకొందుము. కాని శాంతికాలమున, కంటోన్మెంటులో, రెండుదినములు తాళుటవలన ఏ కోట కూలును? మంచి యధికారి సిపాయికి తండ్రివంటివాడని మఱికొందఱందురు. మన యిండ్లలో తండ్రులును కోపమున తప్పు తీర్పులు చెప్పుట మన మెఱుగమా? తల్లియో మేనమామయో అడ్డుపడి నాలుగు మాటలు చెప్పుదురు గనుకనే బిడ్డలు బ్రదుకుచున్నారు.

2009 నుండి సాయుధ దళముల ట్రైబ్యునలు పనిచేయుచున్నది. అచట వకీలు మాటాడవచ్చును. మేలే. అయినను అచటివారు ముఖ్యముగా చదువునది మొదటి విచారణ కాగితములనే. సాక్షి నడుగని ప్రశ్నకు ఆ కాగితములలో జవాబుండదు. కావున మేము కోరునది కొత్త న్యాయస్థానము కాదు. నిబంధనలో సహాయుని నోరు మూయు ఆ సగము వాక్యమును కొట్టివేసిన చాలును.